గుర్రంతో మాట కలవాలంటే: బ్యాలెన్స్‌ కుదిర్చే స్వారీ అభ్యాసాలు

గుర్రం మాట వినడం లేదని వాపోయే రౌతుల్లో చాలామంది ఆపకుండా మాట్లాడుతూనే ఉంటారు. నోటితో కాదు, ఒంటితో. ప్రతి అడుగుకీ మడమ డొక్కకి తగులుతుంది. ట్రాట్‌లో (నడకకన్నా వేగమైన పరుగు) చేతులు ఎగురుతూ నోట్లోని కడ్డీని కుదుపుతాయి. నడుము ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఈ గోలలో ఏది ఆజ్ఞో, ఏది ఊరికే తగిలిందో గుర్రం తేల్చుకోలేదు. కొన్నాళ్లు చూసి అన్నిటినీ కలిపి వదిలేస్తుంది. అప్పుడు మనం గట్టిగా తన్నడం మొదలుపెడతాం.

గుర్రానికి తెలివి చాలక ఇలా జరుగుతుందనుకోకండి. 1900ల మొదట్లో జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద పేరు వచ్చింది. అడిగిన కూడికకి జవాబుగా అన్నిసార్లు డెక్కతో నేలని తట్టేది. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు అసలు సంగతి బయటపెట్టాడు. సరైన అంకె వచ్చేసరికి అడిగినవాళ్ల తల, ఒళ్లు వాళ్లకే తెలియనంత కొద్దిగా కదిలేవి. హాన్స్ ఆ కదలికని చూసి తట్టడం ఆపేసేది. నేల మీద దూరంగా నిలబడ్డ మనిషినే అంతగా చదవగలిగిన జంతువుకి వీపు మీద కూర్చున్న మనిషి ఎంతగా తెలుస్తాడో ఊహించుకోండి. ఈగ వాలినా చర్మాన్ని ఆ చోటే ఆడించి తోలగలదు అది.

అందుకని ఈ అభ్యాసాలకి ఒక వరుస ఉంది. ముందు మీ ఒళ్లు కుదురుకోవాలి. తర్వాత గుర్రం అడుగులు మీకు తెలియాలి. అడగడం ఆ తర్వాతే. నడక, ట్రాట్ సొంతంగా చేయగలిగిన ఎవరైనా వీటిని మొదలుపెట్టవచ్చు. క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన పరుగు) రాకపోయినా మునిగిపోయేదేమీ లేదు. అసలు పనంతా నడకలోనే ఉంది.

ఎక్కే ముందు

హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి ఉండాలి. బూటుకి చిన్న మడమ ఉండాలి, లేకపోతే పాదం రికాబులోంచి (జీను పక్కన పాదం పెట్టుకునే కడియం) అవతలికి జారి ఇరుక్కుంటుంది. దగ్గర్లో ఇంకో మనిషి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ రోజు స్వారీ మానుకోండి.

గుర్రం వీపు మీద వెన్నుకి రెండు వైపులా అరచేత్తో కాస్త నొక్కుతూ మూపు నుంచి నడుము దాకా వెళ్లండి. ఎక్కడైనా కిందకి కుంగినా, చెవులు వెనక్కి వాల్చినా, కొరకబోయినా జీను వేయకండి. కారణం కనుక్కోవాల్సింది పశువైద్యుడు. జీను వేశాక మూపు ఎముక మీద అది ఆనకూడదు, మధ్యలో ఖాళీ కనిపించాలి. ముక్కు ఎముక మీద పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. మరీ బిగించి నోరు కట్టేస్తే గుర్రం అభ్యంతరం చెప్పే దారి మూసేసినట్టే.

ఇక రికాబులు. రెండు తోలు పట్టీలకీ ఒకే రంధ్రంలో కొలికి పెట్టినంత మాత్రాన పొడవు సమానం కాదు. మనం ఎప్పుడూ ఎడమ వైపు నుంచే ఎక్కుతాం, అందుకని ఆ తోలు సాగుతుంది. రెండూ విప్పి పక్కపక్కన వేలాడదీసి చూడండి. అప్పుడప్పుడు ఎడమదాన్ని కుడికి మార్చండి. నెలల తరబడి ‘నేనెందుకో కుడికి ఒరుగుతున్నాను’ అని బాధపడేవాళ్లకి జవాబు ఒక్కోసారి ఈ తోలులోనే దొరుకుతుంది.

నేల మీద ఐదు నిమిషాలు

ఎక్కకుండానే సంభాషణ మొదలుపెట్టండి. గుర్రం భుజం పక్కన నిలబడి తాడు పట్టుకుని నడవండి. పది అడుగుల తర్వాత ఊపిరి వదులుతూ మీరు ఆగిపోండి. అది కూడా ఆగితే బాగుంది. ఆగకపోతే తాడుని వేళ్లతో కొద్దిగా బిగించండి. డెక్కలు నిలిచిన ఆ క్షణంలోనే వేళ్లు వదులు చేయండి.

తర్వాత ఎదురురొమ్ము మీద చేయి ఆనించి ఒక్క అడుగు వెనక్కి అడగండి. కాలు కదలకపోయినా పర్వాలేదు. బరువు వెనక్కి వాలిందని తెలిసిన వెంటనే చేయి తీసేయండి. కాసేపాగి మళ్లీ అడగండి.

చేయి తీసేయడంలోనే పాఠమంతా ఉంది. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఆ ఒత్తిడి ఏ క్షణంలో పోయిందో దాన్ని బట్టి. ఆ క్షణంలో తను ఏం చేస్తోందో అదే సరైన జవాబని గుర్తుపెట్టుకుంటుంది. సెకను ఆలస్యమైతే ఇంకేదో నేర్చుకుంటుంది. మీరు వెనక్కి అడిగినప్పుడు అది తల ఎగరేస్తే, విసుగొచ్చి అప్పుడే చేయి తీశారనుకోండి. ఇక నుంచి తల ఎగరేస్తుంది. దాని లెక్కలో అది అవిధేయత కాదు, మీరు నేర్పిన పాఠమే.

అడగడంలో ఒక పద్ధతి పెట్టుకోండి. మొదటిసారి అతి తేలికగా. జవాబు రాకపోతే కాస్త స్పష్టంగా. అప్పటికీ రాకపోతే పట్టించుకోక తప్పనంత గట్టిగా, ఒక్కసారి. వచ్చిన వెంటనే వదిలేసి, మళ్లీ మొదటి తేలిక స్థాయి నుంచే అడగండి. ఎప్పుడూ మధ్యస్థంగా ఒత్తుతూ ఉండటం అన్నిటికన్నా చెడ్డది. జీను మీద కాళ్లకీ చేతులకీ వర్తించే నియమం కూడా ఇదే.

కూర్చోవడం సరిచేసుకోవడం

భుజాల మీద పిల్లవాణ్ణి ఎక్కించుకుని నడిచినవాళ్లకి ఈ సంగతి తెలుసు: వాడు పక్కకి వంగి దేన్నో చూస్తే మన అడుగు కూడా అటే పడుతుంది. గుర్రం కూడా మీ బరువు కిందకి వచ్చి నిలబడాలని చూస్తుంది. పైగా కదలకుండా నిలబడ్డ గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. మీరు ముందుకి వాలితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. పక్కకి వాలితే అది మలుపే తిరుగుతుంది, మీరు అడగకపోయినా.

గుర్రాన్ని నిలబెట్టి, ఎవరినైనా పట్టుకోమనండి. పాదాలు రికాబుల్లోంచి తీసి కాళ్లు వేలాడదీయండి. అరచేతులు పిరుదుల కింద పెట్టుకుంటే రెండు గట్టి ఎముకలు తగులుతాయి. వాటి మీదే కూర్చోవాలి. చేతులు తీసేసి నడుముని కొద్దిగా ముందుకి, వెనక్కి ఊపండి. ముందుకి వంచితే తొడల మీదకి, వెనక్కి వంచితే తోకఎముక మీదకి బరువు జారుతుంది. ఆ రెండింటి మధ్య ఎముకలు నేరుగా కిందకి చూసే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ఆగండి. ఇప్పుడు కుడి ఎముక ఎక్కువ ఒత్తుతోందా, ఎడమదా? దాదాపు ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ఎక్కువగా ఉంటుంది. మీది ఏదో తెలుసుకోవడమే ఈ రోజుకి పని.

పక్క నుంచి చూసేవాళ్లకి మీ చెవి, భుజం, తుంటి, మడమ ఒక నిలువు గీత మీద కనిపించాలి. మోచేయి నుంచి పగ్గం మీదుగా గుర్రం నోటి దాకా ఇంకో గీత. ఈ రెండూ ఫోటో తీయించుకుని చూసుకోండి. మనం నిటారుగా ఉన్నామని మనకనిపించేదానికీ, ఫోటోకీ మధ్య తేడా కొంచెం సిగ్గు తెప్పిస్తుంది.

ఆ తర్వాత అనుభవమున్న వ్యక్తి పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని వృత్తంలో నడిపిస్తుండగా ఇవి చేయండి. పగ్గాలు ముడివేసి మెడ మీద వదిలేసి, రెండు చేతులు పక్కలకి చాచండి. నడుము పై భాగాన్ని నెమ్మదిగా లోపలికీ బయటికీ తిప్పండి. కుడి చేత్తో ఎడమ పాదాన్ని అందుకోండి, మళ్లీ రెండో వైపు. కళ్లు మూసుకుని ఒక చుట్టు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్త శిష్యులు నెలల తరబడి ఇలా తాడు మీదే, రికాబులూ పగ్గాలూ లేకుండా సాధన చేస్తారు. చేతులతో వేలాడకుండా కూర్చోవడం వచ్చాకే వాళ్ల చేతికి పగ్గాలు.

రికాబులు లేకుండా స్వారీ మంచిదే, కానీ దీన్ని శిక్షలా చేయకండి. తోలు పట్టీలని మూపు ముందు ఒకదాని మీద ఒకటి వేసి, నడకతో మొదలుపెట్టి, రెండు మూడు నిమిషాలు ట్రాట్ చేస్తే చాలు. మోకాళ్లతో జీనుని బిగించడం మొదలైందంటే లాభం ఆగిపోయింది. బిగించిన మోకాలు మిమ్మల్ని పైకి నెడుతుంది. అప్పుడు నడకలోకి వచ్చి, ఊపిరి పీల్చి వదిలి, మళ్లీ మొదలుపెట్టండి.

దీనికి జతగా ఇంకొకటి: రికాబులు రెండు రంధ్రాలు పొట్టి చేసి, పిరుదులు జీను మీద నుంచి కొద్దిగా లేపి, తుంటి దగ్గర వంగి, జూలు పట్టుకుని, గుర్రం 20 అడుగులు వేసేంత సేపు ట్రాట్. పాదాలు మీ కిందే ఉంటే నిలబడతారు. ముందుకి జారితే వెనక్కి పడి కూర్చుంటారు, వెనక్కి జారితే మెడ మీద వాలతారు. పాదాలెక్కడున్నాయో చెప్పడానికి వేరే గురువు అక్కర్లేదు. పడబోతే జూలు పట్టుకోండి గానీ పగ్గాలు కాదు.

అడుగులు వినడం

చాలామంది దాటవేసే భాగం ఇది. నన్నడిగితే మిగతా అన్నిటికన్నా ఇక్కడే ఎక్కువ కాలం గడపాలి.

నడక నాలుగు దెబ్బల లయ: ఎడమ వెనక కాలు, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. ట్రాట్ రెండు దెబ్బలు, ఐమూలగా ఉన్న కాళ్లు జతగా పడతాయి. క్యాంటర్ మూడు దెబ్బలు, ఆ తర్వాత నాలుగు కాళ్లూ గాల్లో ఉండే ఒక క్షణం.

పగ్గాలు వదులుగా పట్టుకుని నడవనివ్వండి. గుర్రం ఎడమ వెనక కాలు నేల వదిలి ముందుకొచ్చేటప్పుడు ఆ వైపు తుంటి కిందకి దిగుతుంది. పొట్ట కుడి వైపుకి ఊగుతుంది. అందుకని మీ ఎడమ పిరుదు ఎముక కిందకి దిగినట్టు, ఎడమ పిక్క దానంతటదే లోపలికి వాలినట్టు తెలుస్తుంది. మరుక్షణం కుడి వైపు అదే జరుగుతుంది. కిందకి చూడకుండా దీన్ని పట్టుకోండి. ఎడమ దిగినప్పుడు ‘ఎడమ’ అని, కుడి దిగినప్పుడు ‘కుడి’ అని పైకే అనండి. నేల మీద ఉన్న స్నేహితురాలో స్నేహితుడో వెనక కాళ్లని చూస్తూ తప్పో ఒప్పో చెప్పాలి. మొదట్లో ఊహించి చెబుతారు, తర్వాత ఆలస్యంగా చెబుతారు, ఆ తర్వాత సరిగ్గా చెబుతారు.

ఇదంతా ఎందుకంటే, కాలు గాల్లో ఉన్నప్పుడే దాన్ని మార్చగలం. నేల మీద ఆని బరువు మోస్తున్న కాలుని ముందుకి వేయమన్నా పక్కకి వేయమన్నా గుర్రం వేయలేదు, వేయాలని ఉన్నా. ఎడమ వెనక కాలు పొడవుగా పడాలంటే మీ ఎడమ పిక్క లోపలికి వాలే ఆ క్షణంలోనే చిన్నగా ఒత్తాలి. నిజానికి గుర్రం పొట్టే మీ కాలుకి ఆ సమయాన్ని చూపిస్తోంది. సమయం కుదిరితే అంతవరకు మడమతో తన్నాల్సి వచ్చిన పని పిక్క ఒత్తిడితో అయిపోతుంది.

ట్రాట్‌లో దీనికి సాటి రైజింగ్ ట్రాట్, అంటే ఒక దెబ్బకి లేచి మరుదెబ్బకి కూర్చోవడం. గుర్రం బయటి భుజం (మలుపుకి అవతలి వైపుది; మలుపు వైపుది లోపలిది) ముందుకి వెళ్లేటప్పుడు లేవాలి, వెనక్కి వచ్చేటప్పుడు కూర్చోవాలి. అలా చేస్తే లోపలి వెనక కాలు నేల మీద ఉన్నప్పుడు మీరు జీనులో ఉంటారు, మలుపులో గుర్రానికి అది సులువు. దిశ మార్చినప్పుడల్లా ఒక దెబ్బ అదనంగా కూర్చుని వరుస (ఏ భుజంతో లేస్తున్నారో అది) మార్చుకోండి. వచ్చాక, భుజం వైపు చూడకుండా ఏ వరుసలో ఉన్నారో చెప్పడం సాధన చేయండి. ఇంకో సరదా మార్పు: రెండు దెబ్బలు లేచి ఉండి, ఒకటి కూర్చోవడం. చూడటానికి తేలిక, కానీ పాదాల మీద బ్యాలెన్స్ లేనివాళ్లు రెండో దెబ్బకే జీనులో పడతారు.

ఆగడం, కదలడం

నడక, ట్రాట్, క్యాంటర్ తీరుల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం, ఆగడం, మళ్లీ బయల్దేరడం: గుర్రం శ్రద్ధని పెంచడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. అలసట తక్కువ, ఫలితం ఎక్కువ.

ఆగమని ఇలా అడగండి:

1. ముందే చోటు ఎంచుకోండి, ఫలానా స్తంభం దగ్గర అని.
2. దానికి మూడు అడుగుల ముందు నిటారుగా పెరిగినట్టు కూర్చుని, ఊపిరి నెమ్మదిగా వదలండి.
3. ఇంతవరకు గుర్రంతో కలిసి ఊగుతున్న నడుముని ఊగనివ్వడం ఆపండి. తొడలు కొద్దిగా దగ్గరికి.
4. అప్పటికీ నడుస్తుంటే పగ్గాల మీద వేళ్లు మూయండి. మోచేతులు వెనక్కి లాగకండి, స్పాంజిని నొక్కినంత చాలు.
5. ఆగిన క్షణంలో వేళ్లు, తొడలు, ఊపిరి అన్నీ వదులు.

పగ్గం నాలుగో మెట్టులో వచ్చింది చూశారా? మీరు ప్రతిసారీ ఈ వరుస తప్పకుండా పాటిస్తే, కొన్ని రోజుల్లో గుర్రం నాలుగోది రాకముందే రెండోదానికో మూడోదానికో ఆగుతుంది. తర్వాత జరగబోయేది దానికి తెలిసిపోయింది మరి. పగ్గంతో మొదలుపెట్టి ఊపిరితో ముగిస్తే ఈ మేలు ఎప్పటికీ దక్కదు.

ఇక లెక్క పెట్టండి. ఎనిమిది అడుగుల నడక, ఆగడం, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు కదలకుండా ఉండటం, మళ్లీ ఎనిమిది అడుగులు. అది కుదిరాక పది అడుగుల ట్రాట్, మూడు అడుగుల నడక, పది అడుగుల ట్రాట్. నడక అంటే సరిగ్గా మూడే, నాలుగు కాదు. అడుగుల లెక్క గుర్రానికి కాదు, మీకు. లెక్క ఉంటే మీరు ముందుగా సిద్ధపడతారు, సిద్ధపడిన రౌతు కుదుపు లేకుండా అడుగుతాడు. గుర్రం మీ లెక్కని కనిపెట్టి ముందే మారిపోతుంటే అంకెలు మార్చేయండి. తొందరపడిందని కోప్పడకండి, మిమ్మల్ని అంత శ్రద్ధగా వింటోందన్నమాట.

ట్రాట్ నుంచి నడకలోకి దాదాపు వచ్చేసినట్టు అడిగి, చివరి క్షణంలో మళ్లీ ముందుకి పంపడం కూడా చేయండి. ఆ ‘దాదాపు’నే హాఫ్ హాల్ట్ అంటారు. దాని మీద పుస్తకాలకి పుస్తకాలు ఉన్నాయి, రౌతులు వాదులాడుకుంటూనే ఉంటారు. మొదట్లో మీకు కావాల్సింది ఇంతే: ఒక అడుగు పాటు నిటారుగా పెరగండి, నడుము ఊపుని తగ్గించండి, పిక్కలు ఆనే ఉంచండి, బయటి పగ్గం మీద వేళ్లు మూసి వెంటనే తెరవండి. రెండు అడుగుల పాటు పట్టుకుంటే అది హాఫ్ హాల్ట్ కాదు, లాగులాట. గుర్రం బరువుని వెనక కాళ్ల వైపు సర్దుకుని ‘ఇప్పుడేమిటి?’ అన్నట్టు ఒక చెవి మీ వైపు తిప్పితే అందింది. ప్రతి మలుపుకి ముందు, ప్రతి మార్పుకి ముందు ఒకటి ఇవ్వండి.

20 మీటర్ల వృత్తం

వృత్తం గీయడం తేలికని అందరూ అనుకుంటారు. నేల మీద గీత గీసి చూపిస్తే తప్ప తాము గీసింది గుడ్డు ఆకారమని ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి గీయండి. అరీనా (స్వారీకి కట్టిన మైదానం) మధ్యలో ఒకరు 10 మీటర్ల తాడు కొస పట్టుకుని నిలబడితే, రెండో కొస పట్టుకుని చుట్టూ తిరుగుతూ నాలుగు చోట్ల కోన్ల జతలు పెట్టవచ్చు, ప్రతి జత మధ్య గుర్రం దూరేంత సందు వదిలి. 20 మీటర్ల వెడల్పున్న అరీనాలో ఈ వృత్తం రెండు గోడలనీ ముట్టుకుంటుంది.

నడకలో ఒక సందు నుంచి తర్వాతి సందుకి ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. నాలుగు భాగాల్లోనూ ఒకే అంకె రావాలి. తలుపు వైపు వెళ్లే భాగంలో తక్కువ, తలుపుకి దూరమయ్యే భాగంలో ఎక్కువ అడుగులు పడటం మామూలు. గుర్రం మనసు ఎటుందో ఆ అంకే చెబుతుంది. తేడా ఉన్న చోట హాఫ్ హాల్టో, ముందుకి పంపడమో అవసరం.

మలుపులో మీ ఒళ్లు ఏం చేయాలి? చూపు తర్వాతి సందు మీద ఉండాలి, గుర్రం చెవుల మధ్య కాదు. మీ ఛాతీ, తుంటి మీ చూపుని అనుసరించి కొద్దిగా తిరుగుతాయి. బరువు లోపలి పిరుదు ఎముక మీద పిసరంత ఎక్కువ. లోపలి పిక్క జీను పట్టీ (పొట్ట కింద బిగించేది) దగ్గర ఆని, గుర్రం పక్కటెముకలు దాని చుట్టూ వంగే స్తంభంలా నిలబడుతుంది. బయటి కాలు బెత్తెడు వెనక ఉండి వెనక భాగం బయటికి జారకుండా చూస్తుంది. బయటి పగ్గం భుజాన్ని కాస్తుంది. లోపలి పగ్గం పని చిన్నది: గుర్రం లోపలి కన్ను మూల మీకు కనిపిస్తే చాలు.

అందరూ చేసే పొరపాటు లోపలి పగ్గం లాగడం. లాగితే మెడ మాత్రం లోపలికి వస్తుంది, బయటి భుజం మాత్రం బయటికి కారిపోతుంది. గుర్రం లోపలికి చూస్తూ బయటికి నడుస్తుంది. దీనికి మందు: లోపలి చేతిని మెడ మీదుగా ముందుకి చాచి, జూలుని నిమిరి, రెండు అడుగుల తర్వాత వెనక్కి తీసుకురండి. వృత్తం చెడకపోతే మీరు కాళ్లతో, నడుముతో తిప్పుతున్నట్టు. చెడితే ఇంతవరకు చేత్తో తిప్పారని అర్థం. రౌతు లోపలికి వాలిపోవడం రెండో పొరపాటు. బయటి రికాబులో పాదం తేలిపోతుంటే అదే జరుగుతోంది.

వృత్తం నిలకడగా వచ్చాక దాన్ని నెమ్మదిగా ముడవండి. రెండు మూడు చుట్లలో 20 మీటర్ల నుంచి 12 మీటర్లకి రండి, బయటి కాలు, బయటి పగ్గంతో. తర్వాత లోపలి పిక్కతో ఒక్కో అడుగు బయటికి నెడుతూ మళ్లీ 20కి వెళ్లండి. బయటికి వెళ్లేటప్పుడు గుర్రం పరుగందుకుంటే మీ లోపలి కాలు దానికి ‘పక్కకి’ అని కాక ‘ముందుకి’ అని వినిపిస్తోంది. నడకలోకి దిగి మళ్లీ అడగండి. చిన్న వృత్తం కీళ్ల మీద భారం, అక్కడ ఒకటి రెండు చుట్లకి మించి ఉండకండి. కుడికి ఎంతసేపు చేశారో ఎడమకీ అంతే. కష్టమైన వైపు రెట్టింపు చేయాలనిపిస్తుంది గానీ, దానికి బదులు కష్టమైన వైపుతో మొదలుపెట్టి దానితోనే ముగిస్తే చాలు.

ఇదే మెళకువతో మూడు వంపుల పాము బాట వేయండి: అరీనా ఒక కొస నుంచి రెండో కొసకి, గోడ నుంచి గోడకి. కిటుకంతా వంపుల్లో కాదు, మధ్య గీతని దాటే చోట ఉంది. అక్కడ ఒక గుర్రం పొడవు దూరం తిన్నగా నడిపించి, ఆ తర్వాతే రెండో వైపుకి వంచాలి. మొదటి వారం నడకలోనే.

పక్కకి జరగడం

‘కాలు ఒత్తితే ముందుకి’ ఒక్కటే తెలిసిన గుర్రానికి ‘పక్కకి’ అనే అర్థం నేర్పే అభ్యాసాలు రెండు.

మొదటిది ముందు కాళ్ల చుట్టూ తిరగడం. గోడకి రెండు మీటర్ల లోపల గుర్రాన్ని నిలబెట్టండి, తల తిరగడానికి చోటుండాలి. ఎడమ పిక్కని పట్టీకి బెత్తెడు వెనక ఆనించి ఒత్తండి. వెనక భాగం కుడికి ఒక అడుగు వేసిన వెంటనే ఒత్తిడి తీసేసి నిలబెట్టండి. మెడ నిమరండి. మళ్లీ ఒక అడుగు. ఇలా పావు వంతు తిరిగితే చాలు. అడుగుకీ అడుగుకీ మధ్య ఆ విరామం ఉండాలి. లేకపోతే గుర్రం గిరగిరా తిరిగేసి పని అయిపోయిందనుకుంటుంది.

రెండోది లెగ్ యీల్డ్, అంటే ముందుకి నడుస్తూనే పక్కకి జరగడం. అరీనాలో ఎడమ చేతి వైపు తిరుగుతూ, పొట్టి గోడ దగ్గర ముందుగానే మలుపు తీసుకుని పొడవు గోడకి ఐదు మీటర్ల లోపల తిన్నగా నడవండి. నాలుగైదు అడుగులు నిజంగా తిన్నగా వెళ్లాకే, ఎడమ వెనక కాలు లేచే ప్రతిసారీ ఎడమ పిక్కతో చిన్నగా ఒత్తుతూ గోడ వైపుకి ఏటవాలుగా పంపండి. ఒళ్లు గోడకి సమాంతరంగానే ఉండాలి, ఎడమ కన్ను మూల కొంచెం కనిపించాలి, అంతే. ముందు చెప్పిన అడుగుల సాధన చేసినవాళ్లకి దాని విలువ ఇక్కడ తెలుస్తుంది: సరైన క్షణంలో ఒత్తితే కాళ్లు ఒకదానికొకటి అడ్డంగా దాటుకుంటూ పడతాయి. భుజాలు ముందే గోడకి చేరి, వెనక భాగం వెనకబడిపోతుంటే కుడి పగ్గంతో భుజాన్ని ఆపి, రెండు అడుగులు తిన్నగా నడిచి, తిరిగి అడగండి. ఒక్క పొడవు గోడలో మూడు మంచి అడుగులు పడితే వదిలేసి మెచ్చుకోండి.

నేల మీద దుంగలు

దుంగలు గుర్రాన్ని కాళ్లు చూసుకునేలా చేస్తాయి, మిమ్మల్ని కుదురుగా ఉంచుతాయి. దొర్లిపోని పలకల దుంగలైతే మేలు. ఒకదానితో మొదలుపెట్టండి. అలవాటయ్యాక మూడో నాలుగో వేయండి, రెండు మాత్రం వేయకండి. రెండు కనిపిస్తే కొన్ని గుర్రాలు ఒక్క గెంతులో దాటేయాలని చూస్తాయి. నడకకి దుంగల మధ్య దూరం 80 నుంచి 90 సెంటీమీటర్లు, ట్రాట్‌కి 1.2 నుంచి 1.4 మీటర్లు. పొట్టి గుర్రమైతే ఇంకా తక్కువ. డెక్క రెండు దుంగల సరిగ్గా మధ్యలో పడుతుంటే దూరం కుదిరినట్టు.

గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది గానీ, నుదుటికి నేరుగా ముందు, ముక్కు కింద చూపు ఆనదు. దుంగని దూరం నుంచే చూసి అంచనా వేసుకోవాలి, దానికి తల దించాలి. మీరు పగ్గాలు బిగించి తల పైకి పట్టేస్తే కాళ్లు తగులుతాయి. కాబట్టి దుంగలకి ముందు హాఫ్ హాల్ట్ ఇచ్చి, తర్వాత చేతులు ముందుకి వెళ్లనిచ్చి, చివరి దుంగ అవతల దూరంగా ఉన్న ఏదైనా వస్తువుని చూడండి. దాటాక తిన్నగా వెళ్లి ఆగండి. ఆ ఆగడమే పరీక్ష: దుంగల ఉత్సాహంలో కూడా మీ ఊపిరిని గుర్రం వింటోందా?

క్యాంటర్‌కి ఇప్పుడే తొందర లేదు. చేసేవాళ్లు మూల దగ్గర మలుపులో, లోపలి పిక్క పట్టీ దగ్గర, బయటిది వెనక ఉంచి అడగండి. ట్రాట్ వేగం పెరుగుతూ పోయి క్యాంటర్‌లో పడితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నిదానమైన ట్రాట్‌లోకి వచ్చి, సర్దుకుని, మళ్లీ అడగండి.

గుర్రం జవాబు

ఒక రోజులో ఇవన్నీ చేయబోకండి. పది నిమిషాల వదులు నడక, ఏదో ఒక అభ్యాసం 20 నిమిషాలు మధ్యమధ్య విశ్రాంతితో, చివర మళ్లీ పది నిమిషాల నడక. ఒక చెవి మీ వైపు తిరగడం, మెడ కిందకి చాపడం, ముక్కుతో పొడవుగా ఊపిరి వదలడం మంచి సంకేతాలు. తోక కొరడాలా విసరడం, నోరు తెరిచి కడ్డీని తప్పించుకోవడం, చెవులు మెడకి అతికించడం అభ్యంతరాలు. ఒకసారి అయితే మీ అడగడాన్ని తేలిక చేసి చూడండి. నిన్నటి దాకా చేసిన పనిని ఈ రోజు ఉన్నట్టుండి కాదంటే మొండితనం అనుకోకండి. ముందుగా గుర్రం కాళ్లు, వీపు, పళ్లు, జీను పరీక్ష చేయించండి. నొప్పిని శిక్షణతో సరిచేయలేం.

దిగాక పొట్ట కింద పట్టీ రెండు రంధ్రాలు వదులు చేసి కాసేపు చేత్తో నడిపించండి. జీను తీసిన వెంటనే, వీపు తుడవకముందే, చెమట అచ్చుని చూడండి. వెన్నుకి రెండు వైపులా తడి ఒకేలా ఉండాలి, మధ్యలో వెన్ను మీద పొడిగా ఉండాలి. తడి మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ జీను మరీ ఒత్తుతోందేమో, లేదా అసలు ఆనడం లేదేమో జీను తెలిసినవాళ్లకి చూపించండి. ఒక వైపు తడి ఇంకో వైపుకన్నా ఎక్కువ వెనకదాకా పాకి ఉంటే ఫోన్‌తో ఫోటో తీసి దాచుకోండి. వారం పాటు అదే వైపు అలాగే వస్తుంటే, జీను సరిగ్గానే ఉందని తేలితే, తర్వాతి స్వారీ మళ్లీ ఆ రెండు ఎముకల దగ్గర నుంచే మొదలుపెట్టండి.